మా కారు ‘ఛీ’ అంటోందని

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున మీరు గచ్చిబౌలి ఫ్లైఓవర్ ఎక్కే చోట అరగంటసేపు కదలకుండా ఇరుక్కుపోయి ఉంటే, దానికి కారణమైన తెల్ల కారు నాదే. ముందుగా సారీ. ఆఫీసుకి లేటైనవాళ్లకి, స్కూలు బస్సు డ్రైవర్లకి, హెల్మెట్ అద్దం పైకెత్తి మరీ నన్ను తిట్టిన ఆ బైకాయనకి కూడా సారీ. కానీ జరిగిందంతా వినండి. విన్నాక కూడా తప్పు నా ఒక్కదానిదే అంటే అప్పుడు మాట్లాడుకుందాం.

నా పేరు శైలజ. మాది తణుకు. పెళ్లయిన దగ్గర్నుంచీ హైదరాబాదే. మా ఆయన ప్రసాద్‌ది గవర్నమెంటు ఉద్యోగం. నేను రాయదుర్గంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ లీడ్‌ని. అంటే డెవలపర్లు రాసినదాంట్లో తప్పులు వెతికి, ఇదిగో బగ్గు అని రాసి, వాళ్లు ఒప్పుకునేదాకా వెంటపడటం. ఇరవై ఏళ్లుగా ఇదే పని. ఇంట్లో కూడా ఆ అలవాటు పోలేదని మా ఆయన అంటారు. ఆ మాట మీద మా ఇంట్లో చర్చ జరిగింది. ఆయన ఆ మాట వెనక్కి తీసుకున్నారు.

ఉండేది తెల్లాపూర్‌లో, ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో. పాత కారు మరీ నీరసపడిపోయి, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే పక్కనుంచి ఆటోలు దాటిపోతూ జాలిగా చూసేవి. ఈసారి ఇంజిన్‌లో కాస్త దమ్మున్నది కొందామని నేనే పట్టుబట్టాను. మా ఆఫీసు పక్క టవర్‌లో పనిచేసే ఒకతను బెంగళూరుకి మారిపోతూ తన టర్బో పెట్రోల్ కారు అమ్ముతున్నాడని తెలిసింది. వెళ్లి చూశాం. పెడల్ మీద కాలు ఆనించగానే ఎవరో సీటు వెనకనుంచి తోసినట్టు ముందుకి దూకింది. నాకు ఇదే కావాలన్నాను.

ఒక్క సంగతి మాత్రం అప్పుడు పట్టించుకోలేదు. టెస్ట్ డ్రైవ్ అంతసేపూ ఆ పెద్దమనిషి కార్లో పాటలు ఫుల్ సౌండ్‌లో పెట్టి ఉంచాడు. మంచి సంగీతాభిమాని అనుకున్నాం.

కారు మా ఇంటికొచ్చిన మర్నాడు ఆఫీసుకి బయల్దేరాను. పాటలు పెట్టలేదు. మా బేస్‌మెంట్ నుంచి పైకొచ్చే ర్యాంపు బాగా ఏటవాలుగా ఉంటుంది. గట్టిగా తొక్కి ఎక్కించి, పైన స్పీడ్ బ్రేకర్ దగ్గర కాలు తీశాను. అంతే, బానెట్‌లోంచి వినిపించింది.

“ఛీ.”

నేనేమీ పెంచి చెప్పట్లేదు. టైర్లోంచి గాలి పోయినట్టు కాదు, కుక్కర్ కూసినట్టూ కాదు. స్పష్టంగా, విసుక్కుంటున్న మనిషి అన్నట్టు “ఛ్‌ఛీ” అంది. సరిగ్గా ఆ క్షణంలో ఎదురుగా నిలబడి నాకు గుడ్ మార్నింగ్ చెబుతున్నది మా అసోసియేషన్ సెక్రటరీ సుదర్శనంగారు.

సుదర్శనంగారి గురించి చెప్పాలి. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. తెల్ల చొక్కా ఇస్త్రీ మడత నలగనివ్వరు. కమ్యూనిటీలో ఎవరు ఎక్కడ చెత్త వేశారు, ఎవరి కుక్క ఏ లాన్‌లో నడిచింది అన్నీ ఆయనకి తెలుసు. అంతకు వారం ముందే జనరల్ బాడీ మీటింగ్‌లో క్లబ్‌హౌస్ టైమింగుల మీద ఆయనకీ నాకూ కాస్త గట్టిగానే అయింది. దాని తర్వాత ఆయనే పెద్దమనసు చేసుకుని పలకరిస్తే, నా కారు “ఛీ” అంది.

ఆయన మొహం మారిపోయింది. నేను నవ్వి, చెయ్యి ఊపి, మళ్లీ కాస్త తొక్కి కాలు తీశాను. “ఛీ.”

రెండో రోజూ ఇదే. మూడో రోజు ఆయన పలకరించడం మానేసి, గోడవైపు తిరిగి నిలబడ్డారు. అయినా కారు మానలేదు.

ఆఫీసు సంగతి ఇంకో రకం. మా మేనేజర్ కారు సర్వీసింగ్‌కిచ్చాడని ఒకరోజు లిఫ్ట్ ఇచ్చాను. దారిలో ఆయన ఈ ఏడాది రేటింగులు చాలా పారదర్శకంగా ఇవ్వబోతున్నామని చెబుతున్నాడు. సరిగ్గా వాక్యం పూర్తయ్యేసరికి సిగ్నల్ ఎర్రబడింది, నేను కాలు తీశాను, కారు తన అభిప్రాయం చెప్పింది. ఆయన తర్వాత ఆఫీసొచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నేను “కారండీ, కారు” అన్నాను. ఆయన తలూపాడు కానీ నమ్మినట్టు లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. కారు అమ్మినతనికి ఫోన్ చేశాను. ఎక్కడో గాలి లీకవుతోంది, తెలిసి కూడా దాచిపెట్టి అమ్మారు అని నిలదీశాను. అతను ఎంత తాపీగా ఉన్నాడంటే, ఆ గొంతు విని నాకు ఇంకా మండింది. అది లీక్ కాదట, తనే ప్రత్యేకంగా తెప్పించి పెట్టించుకున్న బ్లో ఆఫ్ వాల్వట, ఆ సౌండ్ కోసం మనుషులు ఆశపడతారట. చివర్లో ఒక మాటన్నాడు.

“మేడం, అది బగ్ కాదు. ఫీచర్.”

చూడండి, ఈ ప్రపంచంలో ఏ మాటయినా భరిస్తాను. ఈ ఒక్క మాట మాత్రం నేను రోజుకి పదిసార్లు డెవలపర్ల నోట వింటాను. ఒక్కసారి కూడా అది నిజం కాదు. ఆ మాట అన్నాడంటే తప్పు ఒప్పుకున్నట్టే లెక్క. అతని కాల్ అక్కడితో కట్ చేసేశాను. అది లీకేనని నాకు రూఢి అయిపోయింది.

సాయంత్రానికి అసోసియేషన్ గ్రూపులో నోటీసు వచ్చింది. పేరు పెట్టలేదు కానీ, సి బ్లాక్ నివాసి ఒకరు తమ వాహనం ద్వారా సాటి నివాసుల పట్ల అనుచితమైన శబ్దాలు చేయిస్తున్నారని, వారం లోపు సరిచేసుకోకపోతే ఆ వాహనాన్ని గేటు బయట పార్క్ చేసుకోవాలని రాశారు. “చేయిస్తున్నారు”. ఆ క్రియాపదం చూశారా? నేనేదో కారుకి ట్రైనింగిచ్చినట్టు.

గోపన్‌పల్లిలో యాదగిరి అని ఒక మెకానిక్ ఉన్నాడు. అక్కడి మనిషే. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచిపోయినా, రెండు టవర్ల మధ్య రేకుల షెడ్డులో పని చేసుకుంటున్నాడు. మా పాత కారు అన్నేళ్లు బతికిందంటే ఆయన చలవే. కారు అక్కడికి తీసుకెళ్లి, గాలి లీకవుతోంది, ఇవాళే ఆపెయ్యాలి అన్నాను. ఆయన బానెట్ ఎత్తి, ఇంజిన్ రేజ్ చేసి, రెండుసార్లు విని, నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

లీక్ కాదన్నాడు. టర్బో గాలిని కూరి ఇంజిన్‌లోకి తోస్తుందట, మనం కాలు తీసినప్పుడు ఆ గాలికి దారి మూసుకుపోతుందట, అప్పుడు ఈ వాల్వు తెరుచుకుని బయటికి వదిలేస్తుందట. వదలకపోతేనే పరేషాన్ అన్నాడు. కంపెనీ నుంచి వచ్చే వాల్వయితే అదే గాలిని బయటికి కాకుండా మళ్లీ లోపలి పైపులోకే తిప్పి పంపిస్తుంది, చప్పుడుండదు, కావాలంటే తెప్పిస్తా, పది రోజులు పడుతుందన్నాడు.

నాకు నోటీసులో ఉన్నది వారం. అందులో రెండు రోజులు అప్పటికే పోయాయి. పైగా ఆయన కూడా అవతలివాడి పాటే పాడుతున్నాడు. చప్పుడు చేసేదాన్ని పట్టుకుని, చప్పుడు చెయ్యడమే దాని పని అంటే నేనెలా నమ్మను? అదే చెప్పాను. ఇరవై ఏళ్లుగా నేను చూస్తున్నది ఇదేనని, తప్పుని తప్పు అని ఒప్పుకోవడానికి మగవాళ్లకి ఎందుకంత కష్టమని కూడా అన్నట్టు గుర్తు.

యాదగిరి వాదించలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఒకటే చెప్పాడు. “మీ ఇష్టం మేడం. గానీ దాన్ని మాత్రం మూయకుండ్రి.”

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. దాన్ని మూసెయ్యొచ్చన్న ఆలోచన అప్పటిదాకా నా బుర్రలోకి రానేలేదు. ఇచ్చింది ఆయనే. తర్వాత ఈ మాట ఆయనతో అంటే ఆయన అస్సలు ఒప్పుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వీడియోలు చూశాను. అన్నిట్లోనూ ఆ సౌండ్ విని కళ్లు మూసుకుని ఆనందించే మనుషులే. ఒక దాంట్లో మాత్రం ఆ వాల్వు ఎక్కడుంటుందో, దాని మూతి ఎటుంటుందో చూపించాడు. నాకు కావలసింది అంతే. ఆ తర్వాత అతను వేలు చూపిస్తూ సీరియస్‌గా ఏదో హెచ్చరిస్తుంటే ఆపేశాను.

పాత వాష్‌బేసిన్ తీసేసినప్పుడు దాని రబ్బరు బిరడా ఒకటి దాచిపెట్టాను. ఎప్పటికైనా పనికొస్తుందని నేనంటే, ఎందుకూ పనికిరాదని మా ఆయన అప్పట్లో అన్నారు. దాన్ని, పైపుల లీకులకి పెట్టే సీలింగ్ ముద్దని, ఒక ఇనుప క్లిప్పుని, మా ఆయన్ని తీసుకుని బేస్‌మెంట్‌లోకి దిగాను. ఆయన పని టార్చ్ పట్టుకోవడం. మధ్యలో ఒకసారి, యాదగిరి వద్దన్నాడు కదా, ఫోన్ చేసి అడుగుదామా అన్నారు. టార్చ్ సరిగ్గా పట్టుకోమన్నాను.

వాల్వు మూతిలోకి బిరడా చక్కగా దిగింది. చుట్టూ ముద్ద నొక్కి, పైన క్లిప్పు బిగించి, సాయంత్రందాకా ఆరనిచ్చాం. తర్వాత ర్యాంపు ఎక్కించి, పైన కాలు తీశాను.

నిశ్శబ్దం.

ఆ ఆనందం మీకెలా చెప్పను? ఒక సంగీతాభిమాని, ఒక మెకానిక్, వీడియోల్లో ఇంతమంది మగవాళ్లు కలిసి కాదన్నదాన్ని నేను వాష్‌బేసిన్ బిరడాతో నిరూపించాను. వెంటనే గ్రూపులో రాశాను. సి బ్లాక్ నివాసి వాహనం సరిచేయబడింది, సెక్రటరీగారు స్వయంగా ఎక్కి పరీక్షించుకోవచ్చు అని.

సోమవారం ఆఫీసుకి వెళ్లొస్తుంటే మాత్రం కొత్తగా ఒక చప్పుడు మొదలైంది. కాలు తీసినప్పుడల్లా బానెట్‌లో “కుతుకుతుకుతు” అని. పక్షి రెక్కలు టపటపలాడించినట్టు. ఇంటికొచ్చి మా ఆయనకి వినిపిస్తే, పావురం దూరి ఉంటుందన్నారు. నమ్మశక్యంగానే ఉంది. మా బేస్‌మెంట్‌లో కార్ల కంటే పావురాలు ఎక్కువ. ఇద్దరం బానెట్ ఎత్తి వెతికాం. ఆయన బంపర్ మీద తడుతూ “హుష్, హుష్” అన్నారు. ఏదీ ఎగిరిపోలేదు. ఎగిరిపోయే ఉంటుందిలే అనుకుని మూసేశాం.

మంగళవారం పొద్దున్నే సుదర్శనంగారు ఫోన్ చేశారు. కొండాపూర్‌లో కళ్ల డాక్టర్ దగ్గర పదింటికి అపాయింట్‌మెంట్ ఉందట, మీ సవాలు స్వీకరిస్తున్నాను, అటే కదా మీరు వెళ్లేది అన్నారు. ఆ అపాయింట్‌మెంట్ కోసం ఆయన నెలన్నరగా ఎదురుచూస్తున్నారని దారిలో తెలిసింది. నాకు కూడా ఆ రోజు పదింటికే రిలీజ్ కాల్. కొత్త వెర్షన్ వదలాలా వద్దా అన్నది నేను చెప్పాలి. టైముంది కదా అనుకున్నాను.

ఆయన ముందు సీట్లో ఫైలు ఒళ్లో పెట్టుకుని, బెల్టు పెట్టుకుని, చెవులు రిక్కించి కూర్చున్నారు. నేను ఎంత మెల్లగా నడిపానంటే, నల్లగండ్ల దాటేసరికే ఆయన మెచ్చుకోలుగా చూడటం మొదలుపెట్టారు. గోపన్‌పల్లి దాటాం. యూనివర్సిటీ గోడ పక్కన మాటలు కూడా కలిశాయి. క్లబ్‌హౌస్ టైమింగుల విషయంలో తను కాస్త తొందరపడి ఉండొచ్చన్నారు. నేను కూడా పెద్దరికంగా, పోనీలెండి అన్నాను. నోటీసు ఈ సాయంత్రమే తీసేస్తానన్నారు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. నాకేమో ఆయనకి కారు బలం కూడా చూపించాలనిపించింది. ఫ్లైఓవర్ ముందు రోడ్డు కాస్త ఖాళీ దొరికింది. “చూడండి సుదర్శనంగారూ” అని గట్టిగా తొక్కాను. కారు దూకింది. ఆయన సీటుకి అతుక్కుపోయారు. సరిగ్గా ర్యాంపు మొదట్లో ఒక ఆటో ఎడమనుంచి అడ్డంగా వచ్చేసింది. కాలు లాగేశాను.

కుతుకుతుకుతు. ఆ వెంటనే ఢామ్మని పేలింది.

సుదర్శనంగారు ఫైలు నెత్తిమీద పెట్టుకుని కిందికి వంగిపోయారు. నేను పెడల్ తొక్కితే కారు ముసలి దగ్గు దగ్గింది తప్ప కదల్లేదు. అద్దంలో చూస్తే వెనకంతా నల్లటి పొగ. రెండు గజాలు పాకి, సరిగ్గా ర్యాంపు మధ్యలో ఆగిపోయింది. ఆ తర్వాత వెనక హారన్లు మొదలయ్యాయి. అందులో మీదీ ఉండొచ్చు.

ట్రాఫిక్ కానిస్టేబుల్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. నన్ను స్టీరింగ్ పట్టుకోమని, తనూ సుదర్శనంగారూ వెనకనుంచి తోశారు. కారుని పక్కకి చేర్చి దిగి చూస్తే, సుదర్శనంగారి తెల్ల చొక్కా ఛాతీ మీద డిక్కీకి పట్టిన పొగమసి అచ్చు పడింది. ఆయన ఫైలు తెరిచి అపాయింట్‌మెంట్ కాగితం మీద టైము చూసుకున్నారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

యాదగిరికి ఫోన్ చేశాను. అంతలో పదయింది. రిలీజ్ కాల్‌లో ఫుట్‌పాత్ మీద నిలబడే చేరాను. నేను “ఈ వెర్షన్‌లో ఒక సమస్యని సరిచేయకుండా పైపైన కప్పేశారు, ఇది ప్రొడక్షన్‌లో, జనం వాడేటప్పుడు పేలుతుంది” అని కోపంగా చెబుతున్నాను. అవతల్నుంచి ఎవరో, మేడం మీ దగ్గర హారన్లు చాలా వస్తున్నాయి, జర మ్యూట్‌లో పెట్టుకోండి అన్నారు. పెట్టుకున్నాను. కొత్త వెర్షన్ వదిలేశారు.

యాదగిరి టోయింగ్ బండితో వచ్చాడు. సుదర్శనంగారికి డాక్టర్ టైము ఎలాగూ దాటిపోయింది. ఆయన ఆటో ఎక్కి ఇంటికి వెళ్లిపోతారనుకున్నాను. వెళ్లలేదు. ఏమైందో తనకీ తెలియాలని మాతోపాటు గోపన్‌పల్లి షెడ్డుకి వచ్చారు.

యాదగిరి బానెట్ ఎత్తాడు. లావుపాటి రబ్బరు పైపొకటి జాయింట్ దగ్గర ఊడిపోయి వేలాడుతోంది. దాన్ని చూసి ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. పక్కనున్నది చూసి ఆగిపోయాడు. వంగాడు. ముద్దని గోటితో గీకాడు.

“మేడం, గిదేంది?”

“వాష్‌బేసిన్‌ది” అన్నాను.

 ఆయన క్లిప్పు విప్పి, బిరడా ఊడబీకి, సుదర్శనంగారికి కూడా కనబడేలా స్టూలు మీద పెట్టాడు. నేను ఆగలేకపోయాను. లీక్ ఆపితే పేలడమేమిటి, ఇదంతా మొదట్నుంచీ బాగాలేని కారు, మీరంతా కలిసి నన్ను మోసం చేశారు అని మొదలుపెట్టాను. నా ఆవేశం పూర్తయ్యేదాకా ఆయన ఓపిగ్గా ఉండి, మీరు మెట్రోలో పోతుంటారా అనడిగాడు. అప్పుడప్పుడూ పోతానన్నాను.

“పొద్దుగాల మస్తు మంది ఉంటరు గదా. ఎస్కలేటర్ మీదికెళ్లి దిగుతున్నరు. కింద గేటు ఒక్కసారే బందైందనుకోండ్రి. ఎస్కలేటర్ ఆగుతదా?”

“ఆగదు.”

“ఎనకకెళ్లి మంది వస్తనే ఉంటరు. మరి ముందలున్నోళ్లు ఏడికి పోవాలె?”

ఆలోచించాను. ఎక్కడికీ పోలేరు. గేటుకి కొట్టుకుని మళ్లీ ఆ తిరుగుతున్న మెట్ల మీదికే వెనక్కి పడతారు. అదే చెప్పాను.

“గదే మేడం. గేటంటే మీరు కాలు తీసుడు. ఎస్కలేటర్ అంటే టర్బో, అది బొంగరంలెక్క తిరుగుతనే ఉంటది. దానికి ఎదురు గాలి కొడితే కుతుకుతు అంటది. అందుకే పక్కపొంటి చిన్న తలుపొకటి పెట్టిండ్రు, మంది బయటికెళ్లిపోనీకి. ఆ తలుపుకు మీరు తాళమేసిండ్రు.”

 అంటే పావురం లేదన్నమాట. రెండు రోజులు నేను కాలు తీసినప్పుడల్లా గాలి వెనక్కి తన్ని, ఆ చక్రాన్ని గుద్దుతూ వచ్చింది. చివరికి ఫ్లైఓవర్ దగ్గర ఆ దెబ్బకి పైపు జాయింటే ఎగిరిపోయింది. యాదగిరి వేలితో టర్బో చక్రాన్ని కదిపి చూపించాడు. కదలకూడని వైపుకి కొంచెం కదిలింది. పాత టర్బో, అంతకుముందే కాస్త అరిగి ఉంటుంది, ఇప్పుడు పూర్తయింది, విప్పి బాగుచేయించాలి, మూడు వారాలు పడుతుందన్నాడు. పైపు ముందే ఊడటం మంచిదయింది, లేకపోతే చక్రం విరిగి ముక్కలు లోపలికి పోయేవి అని కూడా అన్నాడు.

సుదర్శనంగారు అంతా శ్రద్ధగా విన్నారు. బ్యాంకులో లోను కాగితాలు చూసినట్టు స్టూలు మీది బిరడాని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత నావైపు తిరిగారు.

“అయితే అమ్మా, ఇన్నాళ్లూ అది నన్ను అనలేదన్నమాట.”

“లేదండీ. గాలి వదిలింది, అంతే.”

“సరే. కారు అనలేదు.” బిరడా స్టూలు మీద పెట్టి అడిగారు. “మరి మీరు?”

క్లబ్‌హౌస్ మీటింగ్‌లో మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో గుర్తొచ్చింది. నేను వంగి, ఊడిన పైపుని జాయింట్‌కి తగిలించబోయాను. ఆయన ఫైలు చంకలో పెట్టుకుని, చొక్కా మీద మసి దులుపుకుని, పర్లేదులే అన్నట్టు తలాడించి ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్లారు. వెనకే పరిగెత్తి, డాక్టర్ దగ్గర మళ్లీ టైము నేనే తీసుకుంటానని, నేనే దింపుతానని చెప్పాను. ఆయన ఆలోచించి, దింపడం మాత్రం వద్దన్నారు.

మూడు వారాలు మా ఆయన స్కూటర్ మీద నల్లగండ్లదాకా, అక్కణ్ణుంచి షేర్ ఆటోలో ఆఫీసుకి వెళ్లాను. దారి పొడుగునా అందరి మీదా కోపమే. పాటలు పెట్టినవాడి మీద, అడ్డమొచ్చిన ఆటో మీద, హెచ్చరికని మొదట్లో కాకుండా చివర్లో పెట్టిన వీడియో మనిషి మీద, నేను చెప్పగానే టార్చ్ సరిగ్గా పట్టుకున్న మా ఆయన మీద. ఆ మనిషి ఆ రోజు కాస్త గట్టిగా అడ్డుపడి ఉంటే ఇంత జరిగేదా? ఇదే మాట ఆయనతో అంటే, ఆయన వెళ్లి ఆ టార్చ్ తెచ్చి నా చేతిలో పెట్టారు.

చివరికి కారు సిద్ధమైందని యాదగిరి కబురు చేశాడు. టర్బో బాగుచేయించి, గాలిని మళ్లీ లోపలికే పంపే కంపెనీ వాల్వు పెట్టాడు. నడిపి చూశాను. పికప్ అలాగే ఉంది, కాలు తీస్తే కిక్కురుమనలేదు. చాలా సంతోషమని ఆయనకి చెబుతుండగా షెడ్డులోకి ఇంకో కారు వచ్చింది. నేలకి ఆనేంత కిందికి దించిన నీలం కారు. అందులోంచి ముప్పై ఏళ్ల మనిషొకతను, మెడలో ఆఫీసు ట్యాగ్‌తో దిగాడు. అన్నా, నా బండికి బ్లో ఆఫ్ వాల్వు బందు చెయ్యాలె, కుతుకుతు అని సౌండ్ రావాలె, మస్తుంటది అన్నాడు.

యాదగిరి నోరు తెరిచేలోపు నేనందుకున్నాను. బుద్ధుందా అన్నాను. మెట్రో ఎస్కలేటర్ దగ్గర మొదలుపెట్టి, గేటు మూయించి, జనాన్ని వెనక్కి పడేసి, పక్క తలుపు దగ్గరికి తీసుకొచ్చి, దానికి తాళం వేస్తే ఏమవుతుందో పైపు ఎగిరిపోయేదాకా వివరించాను. ఆ సౌండ్ సరదా కాదు, టర్బో దెబ్బలు తింటున్న సౌండ్ అన్నాను. చదువుకున్నవాళ్లు, మెకానిక్ వద్దన్నా వినకుండా ఇలాంటి పనులు చేస్తారా అని కడిగేశాను. యాదగిరి ఎప్పుడో అవతలికి తిరిగి, ఖాళీ డబ్బాలో స్పానర్ల కోసం వెతుకుతున్నాడు.

అతను భయపడిపోయాడు. ఎవరైనా నిజంగా అట్ల చేసిండ్రా మేడం అనడిగాడు.

“తెల్లాపూర్‌లో ఒకావిడ చేసింది” అన్నాను. “వాష్‌బేసిన్ బిరడా పెట్టి.”

“అయ్యో. ఇప్పుడెట్లుంది?”

“కారు బాగయింది” అన్నాను. “ఆవిడే ఇంకా అలాగే ఉంది.”